డూపూ లేదు, రీటేకూ లేదు!

మంచు కొండ. దాని నెత్తిమీద పసుపుపచ్చ దుస్తుల్లో ఒక మనిషి. కాళ్లకు స్కీ చెక్కలు కట్టుకుని జర్రున జారుకుంటూ వచ్చేస్తున్నాడు. వెనకాల తుపాకులతో శత్రువులు. ముందు? ముందేమీ లేదు, కొండ అయిపోయింది! మనిషి గాలిలోకి వెళ్లిపోయాడు. అప్పటిదాకా హోరెత్తిన సంగీతం టక్కున ఆగిపోయింది. కాళ్ల నుంచి చెక్కలు ఊడిపోయాయి. మనిషి పడుతున్నాడు... పడుతున్నాడు... ఇంకా పడుతూనే ఉన్నాడు. ఆఖరికి వీపు మీది సంచిలోంచి బ్రిటిష్ జెండా రంగుల గొడుగు విచ్చుకుంది. హాల్లో ఈలలే ఈలలు!

1977లో వచ్చిన జేమ్స్ బాండ్ చిత్రం 'ద స్పై హూ లవ్‌డ్ మీ' మొదటి సీను ఇది. హీరో రోజర్ మూర్. దూకింది మాత్రం ఆయన కాదండోయ్. రిక్ సిల్వెస్టర్ అనే కొండలెక్కే ఆసామి. అంతకు ముందే, 1972లో, కాలిఫోర్నియాలోని ఎల్ క్యాపిటన్ అనే నిట్టనిలువు రాతి కొండ మీది నుంచి స్కీలతో దూకి పేరు తెచ్చుకున్నాడు. బాండ్ కోసం 1976 జూలైలో కెనడా ఉత్తరాన బాఫిన్ దీవిలో ఉన్న ఆస్గార్డ్ కొండ నుంచి దూకాడు. పారితోషికం 30,000 డాలర్లు. పెట్టిన కెమెరాల్లో ఒక్కటే ఆ దూకుడును పూర్తిగా పట్టుకోగలిగింది.

ఈసారి ఆ సీను చూసేటప్పుడు ఒక్క విషయం గమనించండి. గొడుగు విచ్చుకుంటున్న క్షణంలో ఊడిపోయిన స్కీ చెక్క ఒకటి దాన్ని రాసుకుంటూ కిందికి పోతుంది. చిక్కుకోలేదు కాబట్టి మనం చప్పట్లు కొట్టాం. తాళ్లకు చుట్టుకుని ఉంటే? సిల్వెస్టర్‌కు డూప్ లేడు. రీటేక్ అసలే లేదు.

అప్పటికి ఈ ఆటకు పేరు కూడా లేదు. తర్వాత పెట్టారు, బేస్ జంపింగ్ అని. ఇంగ్లీషులో నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపితే 'బేస్' అయింది: బిల్డింగ్, యాంటెన్నా, స్పాన్, ఎర్త్. అంటే భవనం, టవరు, వంతెన, కొండ. విమానం ఎక్కనక్కర్లేదు. నేలకు అంటుకుని ఉన్న ఎత్తయిన దేనిమీది నుంచైనా పారాచూట్‌తో దూకడమే. నాలుగు రకాలూ పూర్తి చేసినవాళ్లకు వరుస నంబరు ఇస్తారు. 1981 జనవరిలో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఒక ఆకాశహర్మ్యం నుంచి దూకి, ఫిల్ స్మిత్ ఒకటో నంబరు, ఆయన జతగాడు ఫిల్ మేఫీల్డ్ రెండో నంబరు పుచ్చుకున్నారు.

సినిమావాడి బిడ్డ

మన పాఠకులకు ముఖ్యంగా చెప్పాల్సింది ఏమిటంటే, ఈ ఆటను ఆటగా నిలబెట్టినవాడు ఓ కెమెరామన్! పేరు కార్ల్ బోనిష్. విమానాల కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం వదిలేసి, తలకు కెమెరా కట్టుకుని ఆకాశంలో దూకే మనుషుల్ని తీయడానికి వెళ్లిపోయాడు. 1969లో వచ్చిన 'ద జిప్సీ మాత్స్' చిత్రానికి గాలిలో పనిచేశాడు. 1978 ఆగస్టులో నలుగురు మిత్రుల్ని ఎల్ క్యాపిటన్ మీది నుంచి దూకించి ఆ దృశ్యాలు తీశాడు. ఆ ఫిల్ము చూసినవాళ్లు 'మేమూ, మేమూ' అని ఎగబడ్డారు. 1980లో అక్కడి పార్కు అధికారులు కొద్ది వారాలు అనుమతి ఇచ్చి చూశారు. కొందరు నిబంధనలు గాలికి వదిలేసరికి ఆపేశారు.

కార్ల్‌కు తోడు భార్య జీన్. ఆవిడా దూకేది. ఇద్దరూ కలిసి 1984 జూలైలో నార్వేలోని ట్రోల్‌వెగెన్ అనే గోడలాంటి కొండ నుంచి రికార్డు కోసం, టీవీ కెమెరాల ముందు, భేషుగ్గా దూకారు. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే కార్ల్ అదే కొండ మీద, పనికిరాదని ఇతరులు వదిలేసిన అంచు నుంచి దూకి రాతికి తగిలి చనిపోయాడు. 48 గంటలు తిరగకముందే జీన్ మళ్లీ ఆ కొండెక్కి దూకింది. తెగింపా, ప్రేమా, భర్త ఆటకు ఆఖరి వందనమా... ఎవరికి తోచింది వాళ్లు అనుకోవచ్చు. ఈ దంపతుల కథను 2014లో 'సన్‌షైన్ సూపర్‌మ్యాన్' పేరుతో డాక్యుమెంటరీగా తీశారు. దొరికితే చూడండి. కార్ల్ నవ్వు చాలా రోజులు గుర్తుంటుంది.

నార్వే ప్రభుత్వం 1986లో ట్రోల్‌వెగెన్ మీద నిషేధం పెట్టింది.

సంచిలో ఏముంది?

'సాహో' (2019) చూశారుగా! మన ప్రభాస్ సంచిని ముందు కిందికి విసిరేసి, తర్వాత తాను దూకి, దారిలో దాన్ని అందుకుంటాడు. సినిమా సినిమాయే, దాన్ని తప్పుపట్టడానికి మనమెవరం? కానీ లెక్క కూడా ఒకటుంది కదా. గాలి అడ్డును పక్కన పెడితే, పడే మనిషి మొదటి సెకనులో 16 అడుగులు దిగుతాడు. రెండో సెకను అయ్యేసరికి 64. మూడు అయ్యేసరికి 144, అంటే రెండు తాటిచెట్ల పైమాటే. అమెరికాలో ట్విన్ ఫాల్స్ అనే ఊళ్లో స్నేక్ నది మీద పెరీన్ వంతెన ఉంది. ఎత్తు 486 అడుగులు. అక్కడ గొడుగు తెరవకపోతే నీళ్లు తాకడానికి పట్టే సమయం అయిదున్నర సెకన్లు. సంచి అందుకుని, భుజానికి తగిలించుకుని, బొత్తాలు పెట్టుకునేదెప్పుడు?

విమానం నుంచి దూకే స్కైడైవర్‌కు పన్నెండు, పదమూడు వేల అడుగుల ఎత్తు ఉంటుంది. దాదాపు నిమిషంసేపు పడతాడు. వీపు మీద రెండు గొడుగులు. పెద్దది మొరాయిస్తే కోసిపారేసి రెండోది తెరుస్తాడు. మనిషి స్పృహ తప్పినా తనంతట తానే గొడుగు తెరిచే యంత్రం కూడా ఉంటుంది. బేస్ జంపర్‌కు ఇవేవీ ఉండవు. ఒకటే గొడుగు. రెండోది పెట్టుకున్నా తెరిచే వ్యవధి లేదు కనక అసలు పెట్టుకోరు.

అందుకే ఆ ఒక్కదాన్నీ వేరే పద్ధతిలో చేస్తారు. పెద్ద గొడుగును బయటికి లాగే చిన్న గొడుగును పైలట్ చూట్ అంటారు. తక్కువ ఎత్తులో వేగం తక్కువ, గాలి పట్టు తక్కువ. కాబట్టి బేస్ జంపర్ వాడే పైలట్ చూట్ పెద్దది, కొన్ని చోట్ల అడ్డంగా మూడున్నర అడుగులుంటుంది. దాన్ని చేత్తోనే పట్టుకుని దూకి విసిరేస్తారు. మరీ తక్కువ ఎత్తయితే వెనకనున్న స్నేహితుడే దాన్ని పట్టుకుంటాడు, దూకినవాడి బరువుకు సంచి తెరుచుకోగానే వదిలేస్తాడు. ఇక స్లైడర్ అని ఒక చిన్న గుడ్డ. స్కైడైవింగ్‌లో గొడుగు ఒక్కసారిగా ఫట్టున తెరుచుకుని మనిషి నడుం విరక్కుండా, తాళ్ల మీద మెల్లగా దిగుతూ వేగానికి కళ్లెం వేస్తుంది. తక్కువ ఎత్తు బేస్ జంపులో ఆ కళ్లెమే ప్రాణం తీస్తుంది. దాన్ని తీసేస్తారు, లేదా కదలకుండా కట్టేస్తారు. ఏ ఎత్తుకు ఏ అమరిక అన్నది తెలియనివాడి చేతిలో లక్షల ఖరీదు చేసే సామానూ ఒకటే, గోనెసంచీ ఒకటే.

గుడ్డ సంగతికొస్తే మన పొందూరు నేతగాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. నైలాను నేతలో అక్కడక్కడ మందపాటి పోగు నిలువుగా, అడ్డంగా వేసి చిన్నచిన్న గళ్లు కడతారు. ఎక్కడైనా చిరిగితే ఆ చిరుగు గడి దగ్గర ఆగుతుంది, బారున పోదు. ఆ గుడ్డను ఏడు గదులుగా కుడతారు. ముందు నుంచి గాలి దూరితే పరుపులా ఉబ్బి, మనిషిని ముందుకు తేలుస్తూ దించుతుంది.

ముందుకు తేలుస్తుందన్నాం కదా, ప్రమాదం ఉన్నదీ అందులోనే! విమానం నుంచి దూకినవాడి గొడుగు ఏ దిక్కుకు తిరిగి తెరుచుకున్నా ఫరవాలేదు, చుట్టూ ఆకాశమే. కొండ నుంచి దూకినవాడి గొడుగు వెనక్కి తిరిగి తెరుచుకుందనుకోండి, ఎదురుగా కొండే. తిప్పుకోవడానికి ఒకటి రెండు సెకన్లు. ఈ ఆటలో చాలామందిని పొట్టన పెట్టుకున్న ప్రమాదం ఇదే. మడతలో ఎడమా కుడీ సమానంగా లేకపోయినా, దూకేటప్పుడు ఒక భుజం వంగినా గొడుగు తిరిగిపోవచ్చు. అందుకే అరగంటో, గంటో కూర్చుని ఎవరి గొడుగు వాళ్లే మడుచుకుంటారు. కబుర్లు చెప్పుకుంటూ మడిచే పని కాదిది. మడత మధ్యలో ఎవరైనా పలకరిస్తే, మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టేవాళ్లు ఉన్నారు.

అరువు సంచి

అలవాటు ఎంత పని చేస్తుందో ఈ సంఘటన చెబుతుంది. చెప్పడానికి మనసు రాదు గానీ, చెప్పకపోతే ఈ వ్యాసం రాసి ఉపయోగం లేదు.

1999 జూన్‌లో ఫ్రాంక్ గాంబలీ అనే కుర్రాడు ఎల్ క్యాపిటన్ నుంచి దొంగతనంగా దూకాడు. క్షేమంగా దిగాడు. పార్కు అధికారులు పట్టుకోవడానికి వస్తుంటే పరుగెత్తి నదిలో దూకి మునిగిపోయాడు. 'ఆట చంపలేదు, నిషేధం చంపింది' అని తోటి జంపర్లు ఆవేదన పడ్డారు. ఆట ప్రమాదకరం కాదని చూపించడానికి ఆ అక్టోబరు 22న అందరి ఎదుటా కొందరు ఒకరి తర్వాత ఒకరు దూకారు. దిగాక అరెస్టవుతారు, సామాను జప్తు అవుతుంది. ఇది అందరికీ ముందే తెలుసు. అందులో జాన్ డేవిస్ అనే ఆవిడ ఒకరు. వయసు 60. చేయి తిరిగిన స్టంట్ కళాకారిణి. సొంత సామాను పోగొట్టుకోవడం ఎందుకని అరువు సంచి వేసుకున్నారు. ఆమెకు పైలట్ చూట్‌ను వీపు వెనక నుంచి లాగడం అలవాటు. అరువు సంచికి అది కాలి దగ్గర ఉంది.

గొడుగు తెరుచుకోలేదు. కింద ఆ దృశ్యాన్ని తీస్తున్న కెమెరామన్ టామ్ శాండర్స్ ఆమె భర్త.

నిషేధం న్యాయమా కాదా అన్న వాదం అమెరికాలో ఇప్పటికీ తేలలేదు. రెండు వైపులా మాట ఉంది. మా అభిప్రాయం అడిగితే, దొంగచాటుగా చేసే పనిలో తొందర ఉంటుంది, తొందరలో సామాను మారుతుంది. అనుమతి ఉన్నచోటనే ఈ ఆట మనుషుల్ని బతకనిచ్చింది. అలాగని అక్కడ భద్రత గ్యారంటీ అనుకునేరు! నార్వేలోని కెరాగ్ కొండ మీద 1995 నుంచి 2005 దాకా లెక్క కట్టారు. 20,850 సార్లు దూకారు, తొమ్మిది మంది పోయారు. అంటే ఇంచుమించు 2,300 దూకుళ్లకు ఒక ప్రాణం. ప్రపంచం మొత్తం మీద మృతుల జాబితాను జంపర్లే రాసుకుంటూ వస్తున్నారు. ఎవరు, ఎక్కడ, ఏ సామానుతో, ఏ పొరపాటుతో అన్నీ ఉంటాయి. అది 400 దాటింది. కొత్తగా నేర్చుకోవాలని వచ్చినవాడి చేత ముందు ఆ జాబితా చదివించే గురువులున్నారు.

ఒకడు దూకితే పదిమంది

విజయనగరం వాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూడనివాడు ఆ ఊళ్లో ఉంటాడా? యాభై అరవై అడుగుల చింతమాను కొసన పూజారి కూర్చుంటే, ఆ మాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. అందరి కళ్లూ పైనున్న మనిషి మీదే. కానీ మాను ఎంచినవాళ్లు, చెక్కినవాళ్లు, బండికి బిగించినవాళ్లు, తాళ్లు పట్టి నడిపేవాళ్లు... కిందున్న ఆ చేతుల్లోనే పైనున్న మనిషి ఉన్నాడు. (ముందు నడిచే జాలరి వల పడేవాణ్ణి పట్టే వల కాదు లెండి, అది వేరే ఆచారం.) అమ్మవారి సేవకూ, ఆటకూ పోలికేమిటని కోప్పడకండి. పైన ఒక్కడు, కింద పదిమంది అన్నంతవరకే ఈ పోలిక.

బేస్ జంపర్ల లోకం కూడా అలాంటిదే. స్విట్జర్లాండ్‌లో లౌటర్‌బ్రునెన్ అనే లోయ ఉంది. రెండు పక్కలా నిలువు గోడల్లాంటి కొండలు, మధ్యలో పచ్చిక. ఆ పచ్చిక రైతులది. అది ఆవుల మేత. పైనుంచి జంపర్లు వచ్చి దాని మీద వాలి తొక్కేస్తే రైతు ఊరుకుంటాడా? అందుకని జంపర్ల సంఘం ఒక కార్డు అమ్ముతుంది. ఆ డబ్బు రైతులకు వెళుతుంది. గడ్డి ఏపుగా ఎదిగినప్పుడు ఆ పొలంలో దిగకూడదు. దూకేముందు అక్కడి హెలికాప్టర్ కేంద్రానికి ఫోన్ చేసి దారి ఖాళీగా ఉందో లేదో కనుక్కోవాలి. తప్పు చేసినవాడికి పోలీసుల కంటే ముందు తోటి జంపర్లే గడ్డి పెడతారు.

అమెరికాలో వెస్ట్ వర్జీనియాలో 876 అడుగుల ఎత్తున న్యూ రివర్ గార్జ్ వంతెన ఉంది. 1980 నుంచి అక్కడ అక్టోబరు మూడో శనివారం తిరునాళ్లే! ఆ రోజున వంతెన మీద వాహనాలు ఆపేస్తారు. వందలమంది వరసగా దూకుతారు. కింద నదిలో పడవలు కాచుకుని ఉంటాయి. మన ఉత్తరాంధ్ర నుంచి వలసపోయిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న మలేసియాలో కూడా, కౌలాలంపూర్ టవరు మీద అనుమతితో ఇలాంటి జంపులు ఎన్నో ఏళ్లు జరిపారు.

సంఘం క్రమశిక్షణకు ఒక సినిమా ముచ్చట. 1985 బాండ్ చిత్రం 'ఎ వ్యూ టు ఎ కిల్'లో ఈఫిల్ టవరు మీది నుంచి దూకింది బి.జె. వర్త్. ఆయనకు ఏదైనా అయితే ఉంటాడని మరో జంపర్‌ను సిద్ధంగా ఉంచారు. వర్త్ పని చక్కగా అయిపోయింది, రెండోవాడి అవసరం పడలేదు. చెయ్యి దురద పెట్టిందేమో, ఆయన అనుమతి లేకుండా తనంతట తాను దూకేశాడు. వెంటనే పనిలోంచి తీసేశారు! పారిస్ నగరంతో కష్టపడి కుదుర్చుకున్న అనుమతి ఒక్కడి సరదాకు పోతే ఎలా మరి?

ఈఫిల్ టవరుకు ఇంకో పాత కథ ఉంది. 1912 ఫిబ్రవరి 4న ఫ్రాంజ్ రైషెల్ట్ అనే దర్జీ తాను కుట్టిన గొడుగు కోటు వేసుకుని మొదటి అంతస్తుకు ఎక్కాడు. బొమ్మను పడేసి చూస్తానని పోలీసులతో చెప్పాడు. తీరా పైకి వెళ్లాక తానే దూకాడు. కోటు తెరుచుకోలేదు. న్యూస్ రీలు కెమెరా తిరుగుతూనే ఉంది. దూకేముందు ఆయన అంచున తటపటాయించడం ఆ ఫిల్ములో కనిపిస్తుంది. కెమెరా లేకపోతే వెనక్కి దిగి వచ్చేవాడేమో! నూరేళ్ల తర్వాత, అందరి జేబుల్లోనూ కెమెరా ఉన్న ఈ రోజుల్లో, జలపాతాల అంచుల్లో రీల్సు తీసుకునే కుర్రకారును చూస్తే ఆ దర్జీయే గుర్తొస్తాడు.

మంచి జంపర్లు గాలి సరిగ్గా లేకపోతే నాలుగు గంటలు ఎక్కిన కొండను కాలినడకన దిగివస్తారు. అలా దిగి వచ్చినవాణ్ణి ఎవరూ వెక్కిరించరు. వెక్కిరించేవాడితో మళ్లీ ఎవరూ కొండెక్కరు.

మరి మన దగ్గర?

'మనకూ మహేంద్రగిరి ఉందిగా, 1,501 మీటర్లు!' అని శ్రీకాకుళం కుర్రాళ్లు అడగొచ్చు. నిజమే, మందస దాటితే ఒడిశా సరిహద్దు మీద ఠీవిగా నిలబడి ఉంటుంది. కానీ ఈ ఆటకు కావలసింది ఎత్తు కాదు, నిలువు. ఏటవాలు కొండ మీది నుంచి దూకితే గొడుగు తెరిచేలోపే కొండ మళ్లీ ఎదురవుతుంది. మన తూర్పు కనుమలు చాలావరకు ఏటవాలువే. హిమాలయాల సంగతి వేరు. 2006లో ఆస్ట్రేలియా దంపతులు గ్లెన్ సింగిల్‌మన్, హెదర్ స్వాన్ గఢ్వాల్‌లోని మేరు శిఖరం నుంచి, 6,600 మీటర్ల ఎత్తున, రెక్కల దుస్తులతో దూకారు.

మన దేశంలో ఈ ఆటలో మొదటి మహిళ అర్చనా సర్దానా. పుట్టింది కాశ్మీరులో. భర్త నౌకాదళ అధికారి. ఆమె సాహసాలకు శ్రీకారం చుట్టింది ఎక్కడో తెలుసా? మన పక్కనే, విశాఖపట్నంలో! పెళ్లయిన కొత్తలో భర్త ప్రోత్సాహంతో అక్కడ 45 కిలోమీటర్ల నడక పోటీలో పాల్గొన్నారు. అంతవరకు ఆటల వాసనే లేని మనిషి. ఆ తర్వాత డార్జిలింగ్‌లో పర్వతారోహణ, అమెరికాలో స్కైడైవింగ్, ఆ తర్వాతే బేస్. యూటా రాష్ట్రంలో ఒక వంతెన మీది నుంచి దూకారు. ఆ వరస చూడండి: నడక, కొండ, విమానం, చివరికి వంతెన. సాధారణంగా గురువులు కనీసం రెండు వందల స్కైడైవులైనా చేసి రమ్మంటారు. టామ్ క్రూజ్ 2023 నాటి 'మిషన్ ఇంపాసిబుల్' చిత్రం కోసం నార్వే కొండ మీది నుంచి మోటారుసైకిలుతో దూకాడు కదా, అదీ 2020 సెప్టెంబరులో ఒకే రోజు ఆరుసార్లు! దానికి ముందు అయిదు వందలకు పైగా స్కైడైవులు, పదమూడు వేల మోటారుసైకిలు దూకుళ్లు సాధన చేశాడని చిత్ర నిర్మాతలు ప్రకటించారు. మైల్స్ డెయిషర్ అనే బేస్ గురువు వెంట ఉండి నేర్పాడు.

గొడుగు దిగడం కళ్లారా చూడాలంటే మనవాళ్లకు విశాఖ ఆర్.కె. బీచ్ ఉంది. నౌకాదళ విన్యాసాలకు విజయనగరం, శ్రీకాకుళం బస్సులు కిటకిటలాడతాయి. అది బేస్ కాదు, విమానాల నుంచి దూకేది. అయినా 2025 జనవరి 2న రిహార్సల్లో అక్కడ ఏం జరిగిందో గుర్తుందా? ఇద్దరి గొడుగులు గాలిలో ఒకదానికొకటి చిక్కుకుని, ఇద్దరూ గిరగిరా తిరుగుతూ సముద్రంలో పడ్డారు. జనం 'ఓలమ్మో!' అనేలోపే నౌకాదళం పడవ అక్కడికి చేరింది. ఇద్దరూ క్షేమం. ఆ పడవ అప్పటికప్పుడు ఎక్కడినుంచో ఊడిపడలేదు. ఎవరూ పడరనే నమ్మకం ఉన్నా, పడితే ఎక్కడ పడతారో లెక్క కట్టి ముందే అక్కడ నిలబెట్టి ఉంచారు. ఈసారి విన్యాసాలకు వెళ్తే, ఆకాశం వంక చూసే ముందు ఆ పడవలు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోండి.